గేటు ఎందుకు పోయింది?

2022 ఆగస్టు ఆఖరున గుండ్లకమ్మ ప్రాజెక్టు మూడో గేటు కొట్టుకుపోయింది. మరుసటి ఏడు డిసెంబరులో, మిచాంగ్ తుపాను తీరం దాటిన మూడు రోజులకు, రెండో గేటు కూడా పోయింది. అద్దంకి పక్క నుంచి పారే గుండ్లకమ్మే కిందికి పోయి మల్లవరం దగ్గర ఆ ప్రాజెక్టులో ఆగుతుంది. దాదాపు 3.85 టీఎంసీల నిల్వ, 80 వేల ఎకరాల ఆయకట్టు, ఒంగోలుకు తాగునీళ్లు. గేటు పోయిన రోజున ఊళ్లో అందరూ మాట్లాడారు. తప్పు ఎవరి హయాంలో జరిగిందన్న దాని మీదే ఎక్కువ మాట్లాడారు.

ఆ మర్నాడు బళ్లో ఎనిమిదో తరగతి సైన్సు పీరియడులో ఈ గేటే పాఠమై ఉంటే ఎంత బాగుండేది! ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో సైన్సు పుస్తకాల్లో ఉంది. లోతు పెరిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుందని వేరే పాఠంలో ఉంది. ఆరు మీటర్ల లోతున ఒక్కో చదరపు మీటరు రేకు మీద దాదాపు ఆరు టన్నుల నెట్టుడు ఉంటుంది. పైభాగం మీద ఆ భారం నామమాత్రం. గేటులో ఏ భాగం ముందు తెగిపోవచ్చు? నీటిగీత దగ్గర రేకు ఒకసారి తడిసి ఒకసారి ఆరుతుంటే తుప్పు ఎక్కడ ముదురుతుంది? రంగు ఎన్నేళ్లకోసారి వేయాలి? వేశారో లేదో ఎవరు చూడాలి? ఈ నాలుగు ప్రశ్నల్లో రసాయనశాస్త్రం ఉంది, భౌతికశాస్త్రం ఉంది, ఆఫీసు పని కూడా ఉంది. ఇంజినీరు బుర్ర పనిచేసే తీరు ఇదే. బీటెక్ మొదటి సంవత్సరం దాకా ఆగాల్సిన పని లేదు, పన్నెండేళ్ల పిల్లకు ఇది అందుతుంది.

మన దగ్గర జరుగుతున్నది ఇంకొకటి. ఆరో తరగతిలోనే ఫౌండేషన్ కోర్సు, ఎనిమిదికి వచ్చేసరికి ‘మా వాడు కంప్యూటర్స్’ అన్న నిర్ణయం, పదోతరగతి సెలవుల్లో విజయవాడలోనో గుంటూరులోనో హాస్టలు. నాలుగు ఆప్షన్లలో ఒకటి పట్టుకోవడం నేర్పే చదువును నేను తీసిపారేయను. ర్యాంకు కావాలంటే అదీ కావాలి. కాకపోతే ఆ చదువులో ప్రశ్న ఎప్పుడూ ఎవరో తయారు చేసి ఇస్తారు, జవాబు ఎప్పుడూ ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలుస్తుంది, ప్రశ్నను కూడా మనమే వెతుక్కోవాలని. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ‘మీరు చేసిన ప్రాజెక్టు గురించి చెప్పండి’ అనగానే నీళ్లు నమిలే కుర్రవాళ్లలో చాలామందికి లెక్కలు బాగానే వచ్చు. తమంతట తాము ఒక సమస్యను ఎంచుకున్న అనుభవమే ఉండదు.

లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ 2014లో ఒక నివేదిక వేసింది. ఇంజినీర్లు ఎలా ఆలోచిస్తారో ఆరు అలవాట్లుగా విడదీసి చెప్పింది. అందులో సమస్యను కనిపెట్టడం ఒకటి, దాన్ని పరిష్కరించడం మరొకటి. రెంటినీ వేరుగా రాయడమే ఆ నివేదికలో నాకు నచ్చిన సంగతి. మిగతా నాలుగు: విడి భాగాలు కలిసి ఎలా పనిచేస్తున్నాయో చూడటం, బొమ్మ కట్టి ఊహించడం, ఉన్నదాన్ని ఇంకాస్త బాగుచేయడం, ఒక చోటి ఉపాయాన్ని ఇంకో చోటికి సర్దడం.

ఈ ఆరింటికీ తెలుగునాట నిలువెత్తు సాక్ష్యం చింతకింది మల్లేశం. ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడాలి. వాళ్లమ్మ లక్ష్మికి భుజం పట్టేసేది. చుట్టుపక్కల నేతగాళ్ల ఇళ్లన్నింటిలోనూ ఆడవాళ్లకు అదే నొప్పి. అందరూ చూశారు, ఆయన ఒక్కడే అందులో యంత్రం పని చూశాడు. 1992లో మొదలుపెట్టి 1999కి గానీ పూర్తి చేయలేకపోయాడు. మధ్యలో డబ్బులు అయిపోయాయి, హైదరాబాదు వెళ్లి కూలి పని చేసుకున్నాడు. చివరగా ఆగిపోయిన చిక్కుముడి బాలానగర్‌లో వేరే యంత్రంలోని కదలికను చూసినప్పుడు విడిపోయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ చెప్పి ‘పట్టుదల ఉండాలి’ అని ముగించేస్తారు చాలామంది. అమ్మ భుజం నొప్పిని ఒక కొలతగా మార్చుకోవడం, చెయ్యి ఎన్నిసార్లు ఏ దారిన కదులుతోందో లెక్క పెట్టుకోవడం, ఆయన కథలో పిల్లలకు చెప్పాల్సింది నిజానికి అది.

అద్దంకి పిల్లలు అలా కొలిచే చోటు కోసం వెతుక్కోనక్కర్లేదు. జనవరి దాటితే చుట్టూ ఎర్రటి కళ్లాలే.

మిరప కాయ కోసి, ఒకరోజు కుప్ప పోసి, కళ్లంలో ఎండేస్తారు. ఎప్పుడు ఎత్తాలి? ‘అమ్మమ్మా, ఎండిందని ఎట్టా తెలుసుద్ది?’ అని అడిగితే, ‘గుప్పెట్లో పట్టి ఆడించు, గింజలు గలగలమనాల్రా’ అంటుంది. ఆమె చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. ఆ గలగల వెనక ఒక అంకె ఉంది. కోసిన పండు కాయలో నూటికి 75 పాళ్లు నీరుందనుకుందాం. కిలో కాయలో 250 గ్రాములే అసలు సరుకు. నిల్వకు తేమ పది శాతం దగ్గరకు రావాలి. అంటే ఆ 250 గ్రాములు మొత్తం బరువులో 90 శాతం కావాలి. 250ని 0.9తో భాగిస్తే 278 గ్రాములు. కిలో కాయలు కాటా మీద 278కి దిగిన రోజున ఎండినట్టు. ఏడో తరగతి శాతాల లెక్క ఇది.

ఇక్కడితో ఆగితే అది లెక్క మాత్రమే. ఇంకో రెండు రోజులు ఎండలో వదిలేశారనుకోండి. తేమ ఐదు శాతానికి పడితే బరువు 263 అవుతుంది. క్వింటాలు దగ్గర ఐదు కిలోలకు పైగా తూకం గాలికి పోయింది, పైగా కాయ పెళుసై బస్తాలో తొక్కేటప్పుడు పొడైపోతుంది, గింజ రాలుతుంది. తొందరపడి పచ్చిగా ఎత్తితేనో? తూకం లాభమే, కోల్డ్ స్టోరేజిలో బూజు పడుతుంది. అఫ్లాటాక్సిన్ అనే విషం తేలితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. అటు పోతే తూకం, ఇటు పోతే నాణ్యం. రెండు నష్టాల మధ్య ఒక సన్న గీత ఎక్కడుందో కొలిచి చెప్పడం ఇంజినీరు పని. పత్తికీ ఇదే గొడవ. సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఆ పైన కోత, 12 దాటితే కొనరు. తేమ మీటరు పెట్టి చెప్పే ఆ అంకె కోసం రైతులు బండ్లు కట్టుకుని ఎదురుచూస్తారు.

ఇప్పుడు ఒక తరగతికి పని. ఒకే కోతలోని కాయలు మూడు కిలోలు తీసుకుని మూడు వాటాలు వేయాలి. ఒకటి వట్టి నేల మీద, ఒకటి టార్పాలిన్ పట్టా మీద, ఒకటి కాళ్లు కట్టి నేలకు ఎత్తుగా నిలబెట్టిన వల మీద. ఎండ ఒకటే, కాయ ఒకటే, పరిచిన మందం ఒకటే. మారింది కింద ఉన్నది మాత్రమే. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచి నోటుబుక్కులో రాయాలి. ఒకేసారి రెండు సంగతులు మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదన్న నియమం చెప్పకుండానే తెలిసిపోతుంది. రెండో రోజే ఒక వింత కనపడొచ్చు. కప్పకుండా వదిలేసిన కాయలు పొద్దున్నే తూస్తే నిన్న సాయంత్రం కంటే బరువెక్కి ఉంటాయి. రాత్రి మంచు. రైతులు సాయంత్రం కాగానే కాయ కుప్ప చేసి పట్టా ఎందుకు కప్పుతారో కాటా చెప్పేస్తుంది. తేమ 75 పాళ్లే ఉంటుందన్న హామీ ఏమీ లేదు, చెట్టు మీద ఆలస్యమైన కాయలో తక్కువుంటుంది. అది కూడా తేల్చుకోవాలంటే వంద గ్రాముల కాయల్ని చీల్చి, నల్లరంగు వేసిన రేకు పెట్టెలో గాజు మూత కింద తూకం ఇక మారని స్థితి వచ్చేదాకా ఎండేస్తే దగ్గరదగ్గరగా తెలుస్తుంది. పెనం మీద మాత్రం ప్రయత్నించొద్దు, వీధి వీధంతా దగ్గుతుంది.

వల మీది కాయ ముందు ఎండిందే అనుకోండి. పిల్లలు ఎగిరి గంతేస్తారు. ‘సరే, ఎకరానికి సరిపడా చేసి చూపించండి’ అని మాస్టారు అనాల్సింది అప్పుడే. ఎకరాకు 20 క్వింటాళ్ల ఎండు కాయ అనుకుంటే పండు కాయ 70 క్వింటాళ్ల పైమాటే. మూడు కోతలుగా వచ్చినా ఒక్కో కోతకు 24 క్వింటాళ్లు. చదరపు మీటరుకు ఐదు కిలోలు పరిస్తే 480 చదరపు మీటర్ల వల కావాలి. కర్రలెన్ని, కూలెంత, గాలివాన వస్తే ఎత్తేదెవరు? నోటుబుక్కులో గెలిచిన ఉపాయం కళ్లంలో ఓడిపోవచ్చు. ఓడిపోతే ఆ పేజీ చించకూడదు. వలను అన్ని కోతలకూ కాకుండా మచ్చ పడే చివరి కోతకు మాత్రం వాడితే? పట్టా కిందే గాలి ఆడేలా చేస్తే? రెండో ఆలోచన ఎప్పుడూ మొదటిదాని శిథిలాల మీదే లేస్తుంది.

నీళ్ల సంగతి కొద్దిగా. నాగార్జునసాగర్ కుడికాలువ నుంచి అద్దంకి బ్రాంచి కాలువ వస్తుంది, చివరి భూములకు నీళ్లు అందడం లేదన్న మాట ఏటా వింటాం. ‘అందడం లేదు’ అనేది ఫిర్యాదు. ‘సెకనుకు ఇన్ని లీటర్లు వస్తున్నాయి’ అనేది కొలత. పెద్ద కాలువ జోలికి పిల్లలు పోకూడదు, పొలంలోని బోదె చాలు. వెడల్పు 40 సెంటీమీటర్లు, లోతు 15. పది మీటర్ల దూరం పుల్ల వేస్తే 25 సెకన్లలో పోయింది. పై నీరు అడుగు నీటి కంటే కాస్త వేగంగా పారుతుంది కాబట్టి ఆ మేరకు తగ్గించుకుంటే సెకనుకు దాదాపు 20 లీటర్లు. ఎకరంలో ఐదు సెంటీమీటర్ల నీరు నిలవాలంటే దాదాపు మూడు గంటలు. వంతులవారీగా నీళ్లిచ్చే వారబందీ ఎన్ని గంటలుండాలో పెద్దలు వాదించుకునేటప్పుడు ఈ కాగితం పక్కన పెట్టి చూడండి.

ఆ సాగర్ డ్యామే ఒక పాఠం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికి దేశంలో సిమెంటుకు, ఉక్కుకు, విదేశీ మారకానికి కటకట. రాయీ, రాయి కొట్టే చేతులూ మాత్రం కావాల్సినన్ని. కాంక్రీటు డ్యామ్ కట్టలేమని కూర్చోలేదు, రాతికట్టడంతో లేపారు. ఆ కాలపు మహా ఇంజినీరు కె.ఎల్.రావుది కృష్ణా జిల్లా కంకిపాడు, చిన్నప్పుడే ఒక కన్ను పోయినవాడు. లేనివాటి జాబితా రాసుకుని, ఉన్నవాటితో పని జరిపించడం ఆ తరానికి అలవాటు. మన పిల్లలు మాత్రం కిట్ వస్తే గానీ ప్రాజెక్టు మొదలుపెట్టరు.

కిట్‌ల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. సైన్స్ ఫెయిర్లకు వెళ్తే నాకు నీరసం వస్తుంది. చీకటి పడగానే వెలిగే వీధి దీపం, అడ్డం వస్తే కూత పెట్టే చేతికర్ర, బేకింగ్ సోడా అగ్నిపర్వతం. ఆన్‌లైన్‌లో కొన్న సర్క్యూట్, ఇంట్లో పెద్దవాళ్లు అతికించిన థర్మోకోల్. ‘ఇది ఎవరికి కావాలి?’ అని అడిగితే బాబు వాళ్ల సార్ వంక చూస్తాడు. నీతి ఆయోగ్ 2016 నుంచి పెడుతున్న అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో పదివేలు దాటాయి. ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇచ్చారు, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు అందుబాటులోకి వచ్చాయి. మీ బడిలో ఉంటే అదృష్టమే, తాళం తీసి వాడిస్తున్నారా అన్నది మాత్రం తల్లిదండ్రుల సమావేశంలో అడగాలి. లేకపోతే దిగులు పడక్కర్లేదు. 1999లో మొదలై, కుప్పం దగ్గర క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ బండిలో సామాను వేసుకుని పల్లె బడులకు వెళ్లి సైన్సు చేసి చూపిస్తూ వచ్చింది. వాళ్ల పాఠాల్లో చాలా వాటికి కావాల్సింది చవకైన, చేతికందే వస్తువులే. పాత కాటా, టేపు, సెల్‌ఫోన్‌లో గడియారం, గీతల నోటుబుక్కు, ఒక బెంచీ. మొదటి రెండేళ్లకు ఇవి చాలు.

ఇంకో మంచి దారి, బడిపిల్లల ఆలోచనల పోటీ ఇన్‌స్పైర్ మానక్. ఒక్కో బడి నుంచి ఐదు ఆలోచనల దాకా ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10 వేల రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. అందులో నెగ్గేవి తరచుగా ఇంటి పక్కన దొరికిన చిక్కుల నుంచి పుట్టినవే. మన దగ్గరా అలాంటివి ఉన్నాయి. మిరప తొడిమలు తీసే ఆడవాళ్ల చేతుల మంట, పత్తి తీసేటప్పుడు ప్లాస్టిక్ సంచి పీచులు దూదిలో కలిసిపోవడం, లింగాకర్షక బుట్టలో పడ్డ గులాబీరంగు పురుగుల్ని రోజూ లెక్కపెట్టలేక వదిలేయడం. తొడిమ తీసే యంత్రాలు లేకపోలేదు, కాయ విరగకుండా తీయడం దగ్గరే తంటా. ఇలాంటి చిక్కును పట్టుకున్న అమ్మాయి, రోబో బొమ్మ తెచ్చిన అబ్బాయి కంటే నా లెక్కలో రెండు మెట్లు పైన ఉంటుంది.

కెరీర్ మాటకు వద్దాం. పిల్లలు ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నారో చూడండి. బ్రాంచిని అది చెబుతుంది. కాయలో తేమ, బూజు, నిల్వ గురించి గుచ్చిగుచ్చి అడిగేవాళ్లకు ఫుడ్ టెక్నాలజీ. నీళ్లు, గట్లు, వాలు పట్టుకున్నవాళ్లకు సివిల్ లేదా వ్యవసాయ ఇంజినీరింగ్. ఫుడ్ టెక్నాలజీకీ, వ్యవసాయ ఇంజినీరింగ్‌కూ కాలేజీలు బాపట్లలోనే ఉన్నాయి, రంగా వర్సిటీవి. తైవాన్ పంపు విప్పి మళ్లీ బిగించేవాడు మెకానికల్. పురుగుల లెక్కను ఫోన్ కెమెరా చేస్తే పోదా అని అడిగే పిల్లకు కంప్యూటర్స్ నిజంగా నప్పుతుంది, ఎందుకంటే దేన్ని లెక్కపెట్టించాలో ఆమెకు ముందే తెలుసు. బల్లికురవ, మార్టూరు వైపు పిల్లలకు రాయి కోసే రంపాలు, ఆ బురద పారబోసే దిబ్బలు రోజూ కనపడతాయి. మైనింగ్ అన్న మాట వాళ్ల ఇళ్లలో వినపడాల్సినంతగా వినపడటం లేదు.

పదో తరగతి తర్వాత దారులు ఇంటర్ ఎంపీసీ ఒక్కటే కాదు. చేతిపని మీద మనసున్న పిల్లలకు పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయడం నా దృష్టిలో మొదటి మాటగా చెప్పాల్సిన దారి. పదహారేళ్లకే వర్క్‌షాపులో ఫైలు, లేతు పట్టుకుంటారు. తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. రంగా వర్సిటీ పాలిటెక్నిక్‌లలో వ్యవసాయ ఇంజినీరింగ్ డిప్లొమా కూడా మూడేళ్లే, అదీ పదో తరగతి తర్వాతే. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలకు పదో తరగతి మార్కులే ఆధారం, ఆరేళ్ల కోర్సు. సర్కారు బడిలో చదివిన పిల్లలకు అక్కడ కొంత కలిసొస్తుంది. ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ అంటే మొహం చిట్లించే తండ్రులు, మోటారు కాలినప్పుడు వైండింగ్ మనిషి కోసం ఎన్ని రోజులు తిరిగారో ఒకసారి గుర్తు తెచ్చుకుంటే మంచిది.

గేట్ల పని కూడా ఒక ఉద్యోగమేనని ఎంతమందికి తెలుసు? 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నీళ్లన్నీ వదిలేస్తే గానీ కొత్త గేటు పెట్టలేమనుకున్న చోట, కన్నయ్యనాయుడు అనే తెలుగు ఇంజినీరు వచ్చారు. రిటైరై చాలా ఏళ్లయింది, వయసు ఎనభైకి దగ్గర. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు గేటును ఒక్కటిగా ఆలోచించలేదు. నాలుగేసి అడుగుల ఎత్తున ఐదు పలకలుగా విడగొట్టి, పారే నీళ్లలోనే ఒకదాని మీద ఒకటి దింపించారు. వారం రోజుల్లో నీళ్లు ఆగాయి, మూడు రాష్ట్రాల రైతులకు పంట దక్కింది. జలయంత్ర పనులు తెలిసిన అలాంటి మెకానికల్ ఇంజినీర్లు మనకు బహు కొద్దిమంది. పులిచింతలలో 2021లో ఒక గేటు పోయింది, ఆ తర్వాత గుండ్లకమ్మ, ఆ తర్వాత తుంగభద్ర. డ్యాములు ముసలివవుతున్నాయి, వాటిని చూసుకునే చేతుల అవసరం రాబోయే ముప్పై ఏళ్లూ పెరుగుతూనే ఉంటుంది. కౌన్సెలింగ్‌లో ఈ మాట చెప్పేవాళ్లు కనపడరు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్ల పాడైపోయిన మిక్సీ విప్పుతానంటే, ప్లగ్గు తీసి ఉందో లేదో చూసి, విప్పనివ్వండి. బిగించలేకపోతే తిట్టొద్దు. విప్పేముందు బొమ్మ గీసుకోమనండి, ఏ స్క్రూ ఎక్కడిదో రాసుకోమనండి. మార్కులు తగ్గుతాయేమోనన్న భయం సహజమే. వారంలో రెండు గంటలతో తగ్గే మార్కులు ఏమీ లేవు. మాస్టార్లకు సిలబస్ ఒత్తిడి తెలిసిందే. తుప్పు పాఠం చెప్పేరోజు ఒక పాత మేకు, పీడనం చెప్పేరోజు అడుగునా మధ్యనా పైనా చిల్లులు పెట్టిన నీళ్ల సీసా, రెండూ కలిపి మల్లవరం గేటు. అదనపు పీరియడు అక్కర్లేదు.

మిరప కోతలు వేసవి దాకా సాగుతాయి, ఇన్‌స్పైర్‌కు పేర్లు పంపే పని బడులు తెరిచాక మొదలవుతుంది. అంటే కళ్లంలో తూచిన అంకెలు జూన్ నాటికి నోటుబుక్కులో ఉండాలి. తేదీ, పొద్దున తూకం, సాయంత్రం తూకం, మబ్బా ఎండా, ఎవరు తూచారు అని ఐదు గళ్లు గీసుకుంటే సరిపోతుంది. కాటాను ముందు అరకిలో ఉప్పు ప్యాకెట్టుతో సరిచూసుకోండి, పాత కాటాలు అబద్ధం చెబుతాయి.